ఇరవై ఏళ్ల అబ్బాయిని నేరుగా ఆసియన్ టూర్ క్యూ స్కూల్‌కు పంపవచ్చా?

హైదరాబాద్ నుంచి ఒక తండ్రిగారు అడిగిన ప్రశ్న ఇది. కుమారుడు గోల్ఫ్ ఆటగాడు, ఇరవై ఏళ్లు. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. హ్యాండీక్యాప్ ప్లస్ వన్, అంటే మంచి రోజున కోర్సుకు నిర్ణయించిన స్ట్రోకుల (పార్) కంటే ఒకటి తక్కువలో ఆడగలడు. చదువు పక్కన పెట్టి, ప్రొఫెషనల్‌గా మారి, థాయ్‌లాండ్‌లో జరిగే ఆసియన్ టూర్ క్వాలిఫయింగ్ స్కూల్‌కు, అంటే ఆ టూర్ అర్హత పోటీకి (క్యూ స్కూల్) వెళ్తానంటున్నాడు. పంపాలా వద్దా? ఇన్ని టూర్లలో ఏది ఎక్కడికి తీసుకెళ్తుంది? సౌదీ పెట్టుబడితో వచ్చిన లివ్ గోల్ఫ్ లీగ్ డబ్బు వచ్చాక ఆసియాలో పరిస్థితి మారిందా? అమెరికాలో ఆడే తెలుగు మూలాల గోల్ఫర్ సాహిత్ తీగల వెళ్లిన దారి మా వాడికి పనికిరాదా?

నమస్కారం అండీ. నేను కొన్నేళ్లు భారత టూర్‌లోనూ, అవకాశం దొరికినప్పుడు ఆసియన్ టూర్‌లోనూ ఆడాను. ఇప్పుడు ప్రొఫెషనల్ కావాలనుకునే పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. మీ ప్రశ్నకు నా సమాధానం: ఈ ఏడాది పంపవద్దు. డిగ్రీ పూర్తి చేయనివ్వండి. అమెచ్యూర్‌గానే (ప్రొఫెషనల్ కాకుండా) మరో ఏడాది గట్టిగా ఆడించండి. తర్వాత ముందు భారత టూర్ పీజీటీఐ, ఆ పైన ఆసియన్ టూర్. అబ్బాయిలో ప్రతిభ లేదని ఈ మాట అనడం లేదు. ఆసియాలో "కార్డు", అంటే టూర్‌లో ఆడే అర్హత, అనేదాన్ని చాలామంది తల్లిదండ్రులు తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. ముందు దాని సంగతి చెప్పాలి.

కార్డు వచ్చినంత మాత్రాన ప్రతి వారం ఆడనివ్వరు. ఆసియన్ టూర్ క్యూ స్కూల్ చివరి దశ కొన్నేళ్లుగా థాయ్‌లాండ్‌లోని హువా హిన్ ప్రాంతంలో జరుగుతోంది. ఐదు రౌండ్లు, తొంభై హోల్స్. మొదటి 35 స్థానాల్లో ఉన్నవారికీ, 35వ స్థానంలో సమానంగా నిలిచినవారికీ కార్డు ఇస్తారు. పత్రికల్లో "ఆసియన్ టూర్‌కు అర్హత" అని వార్త వస్తుంది, ఇంట్లో మిఠాయిలు పంచుతారు. అసలు లెక్క ఆ తర్వాత మొదలవుతుంది. ప్రతి టోర్నమెంట్‌కూ ఆటగాళ్లను వర్గాల వారీగా తీసుకుంటారు. గత విజేతలు ముందు, కిందటి ఏడాది ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో (సీజన్ మొత్తం ర్యాంకుల పట్టిక) పై స్థానాల్లో నిలిచి కార్డు నిలబెట్టుకున్నవారు ఆ తర్వాత. స్పాన్సర్ల ఆహ్వానాలు, ఆతిథ్య దేశం ఆటగాళ్ల కోటా వేరుగా ఉంటాయి. క్యూ స్కూల్ నుంచి వచ్చినవారు వీళ్లందరి వెనుక, అక్కడ సంపాదించుకున్న ర్యాంకు వరుసలో నిలబడతారు. క్యూ స్కూల్ గెలిచినవాడికి దాదాపు అన్ని వారాలూ చోటు దొరుకుతుంది. ముప్పయ్యో స్థానం వాడి కార్డు రైల్వే వెయిటింగ్ లిస్టు టికెట్ వంటిది. చేతిలో టికెట్ ఉంటుంది, బెర్తు ఖాయం కాదు.

నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడికి అలాంటి కార్డే వచ్చింది. జకార్తాలో ఒక టోర్నమెంట్‌కు మొదటి రిజర్వుగా సొంత ఖర్చుతో వెళ్లాడు. గురువారం తెల్లవారుజామున ప్రాక్టీస్ గ్రీన్ దగ్గర పూర్తిగా సిద్ధమై నిలబడ్డాడు. బూట్ల లేసులు కట్టుకుని, ఉక్కకు చేతి తొడుగులు తడిసిపోకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, ప్రతి పావుగంటకూ ఆటగాళ్లను పేరు పిలిచి పంపే స్టార్టర్ వైపు చూస్తూ ఉన్నాడు. ఎవరికైనా నడుం పట్టేస్తే, కడుపు నొప్పి వస్తే ఇతనికి చోటు. మధ్యాహ్నం చివరి గ్రూపు మొదటి షాట్ కొట్టేవరకూ ఎవరూ తప్పుకోలేదు. బ్యాగు సర్దుకుని విమానాశ్రయానికి వెళ్లిపోయాడు. ఆ వారం అతను చెడుగా ఆడలేదు, అసలు ఆడనే లేదు. ఇరవై ఏళ్ల వయసులో అలాంటి ఏడాది గడిస్తే ఆట మొద్దుబారుతుంది. ఎక్కడో అక్కడ వరుసగా పోటీలు ఆడుతున్న కుర్రాడు, పెద్ద కార్డు పట్టుకుని ఇంట్లో కూర్చున్న కుర్రాడిని రెండేళ్లలో దాటేస్తాడు. ఇది నేను కళ్లారా చూసిన విషయం.

కాబట్టి ఏ టూర్ గొప్పది అన్న ప్రశ్నకు ముందు ఏ టూర్ మీ అబ్బాయికి వరుసగా ఆడే వారాలు ఇస్తుంది అని అడగండి. ఈ రోజున అతనికి ఆ జవాబు పీజీటీఐ.

ఆసియా మెట్లు ఎలా ఉన్నాయో క్లుప్తంగా చెబుతాను. ఇప్పుడు ఆసియన్ టూర్ అంటున్నది 1990ల మధ్యలో ఆసియన్ పీజీఏ టూర్‌గా మొదలైంది. దాని కింద ఆసియన్ డెవలప్‌మెంట్ టూర్ ఉంది, 2010లో పెట్టారు. బహుమతి సొమ్ము తక్కువ, కానీ ఏడాది చివర పట్టికలో పై స్థానాల్లో ఉన్నవారికి ఆసియన్ టూర్ కార్డు ఇస్తారు. జపాన్‌కు 1973 నుంచి సొంత టూర్ ఉంది. కొరియాకూ ఉంది. ఈ రెండూ గట్టి టూర్లు. అయితే స్పాన్సర్లు, జీవన విధానం అన్నీ స్థానికమే కాబట్టి, బయటివాడు అక్కడ కుదురుకోవడానికి చాలా ఓపిక కావాలి. కోల్‌కతాకు చెందిన రాహిల్ గంగ్జీ 2018లో జపాన్ వెళ్లి పానసోనిక్ ఓపెన్ గెలిచాడంటే, నా దృష్టిలో అది మన పత్రికలు రాసినదానికంటే చాలా పెద్ద ఘనత.

మెట్లెక్కడం అంటే ఏమిటో చూడాలంటే కొరియా కుర్రాడు టామ్ కిమ్ ఉన్నాడు. 2019లో డెవలప్‌మెంట్ టూర్‌లో మూడు టైటిళ్లు గెలిచి పై టూర్‌కు వచ్చాడు. అదే ఏడాది నవంబరులో మన దేశంలో జరిగిన పానసోనిక్ ఓపెన్ ఇండియా గెలిచాడు. అప్పటికి పదిహేడేళ్లు. తర్వాత ఆసియన్ టూర్ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో మొదటి స్థానం. 2022లో అమెరికాలో విండమ్ ఛాంపియన్‌షిప్. చిన్న టూర్‌లో ఆడటం అతనికి నామోషీ అనిపించలేదు, అక్కడ గెలవడం నేర్చుకున్నాడు. కట్ దాటడం, అంటే మొదటి రెండు రౌండ్ల తర్వాత పోటీలో మిగలడం, ఒక విద్య; గెలవడం మరో విద్య. ఆదివారం చివరి గ్రూపులో ఆఖరి మూడు హోల్స్ ఎలా ఉంటాయో ప్రాక్టీస్ రేంజ్‌లో ఎవరూ నేర్పలేరు.

మన వాళ్ల చరిత్ర కూడా అదే చెబుతుంది. ఆసియన్ టూర్ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో భారతీయులు ఆరుసార్లు అగ్రస్థానంలో నిలిచారు. 2002లో జ్యోతి రంధావా, 2003లో అర్జున్ అత్వాల్, 2006లోనూ 2008లోనూ జీవ్ మిల్ఖా సింగ్, 2015లో అనిర్బన్ లాహిరి, 2018లో శుభంకర్ శర్మ. లాహిరి సంగతి మీ అబ్బాయికి ప్రత్యేకంగా చెప్పండి. 2007లో ప్రొఫెషనల్ అయ్యాడు. 2009లో పీజీటీఐలో అగ్రస్థానం. 2011లో ఢిల్లీలో మొదటి ఆసియన్ టూర్ టైటిల్. 2015లో మలేషియన్ ఓపెన్, ఇండియన్ ఓపెన్ రెండూ గెలిచి, అమెరికాలో పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో ఐదో స్థానం పంచుకున్నాడు. మొదలుపెట్టిన నాటి నుంచి ఎనిమిదేళ్లు. అంత ప్రతిభావంతుడికే అంత కాలం పట్టింది.

పీజీటీఐ గురించి మరో మాట. కొత్త తరం కుర్రాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తున్నారు. అది పొరపాటు. ఇప్పుడు యూరప్ డీపీ వరల్డ్ టూర్‌తో దానికి ఒప్పందం ఉంది. పీజీటీఐ ఆర్డర్ ఆఫ్ మెరిట్ విజేతకు ఆ టూర్ కార్డు వస్తోంది. మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో క్యాడీగా (ఆటగాడి బ్యాగు మోసే సహాయకుడిగా) జీవితం మొదలుపెట్టిన ఓంప్రకాశ్ చౌహాన్ 2023లో అగ్రస్థానం సాధించి అలాగే యూరప్ వెళ్లాడు. మరుసటి ఏడాది వీర్ అహ్లావత్. ఇండియన్ ఓపెన్ కూడా 2023 నుంచి డీపీ వరల్డ్ టూర్, పీజీటీఐ కలిసి నడుపుతున్నదే కాబట్టి, భారత టూర్‌లో పైన ఉన్నవారికి ఆ వారం చోటు దొరుకుతుంది. 2024లో అహ్లావత్ అక్కడ రెండో స్థానం పంచుకున్నాడు. అంటే ఆ పోటీ జరిగే గురుగ్రామ్‌లో నాలుగు రోజులు బాగా ఆడితే యూరప్ తలుపు తెరుచుకోవచ్చు. హువా హిన్ వెళ్లి ముప్పయ్యో స్థానంలో నిలవడం కంటే ఇది నాకు దగ్గరి దారిగానే కనిపిస్తుంది. పైగా మీ ఊరికి గోల్కొండ మాస్టర్స్, విశాఖకు వైజాగ్ ఓపెన్ ఉన్నాయి. అలవాటైన మైదానంలో, ఇంటి భోజనం తిని ఆడే వారం ఒక్కటైనా ఉండటం కొత్త ఆటగాడికి పెద్ద ఊరట.

ఒక జాగ్రత్త. 2025లో ఇండియన్ గోల్ఫ్ ప్రీమియర్ లీగ్ అనే మరో వేదిక వచ్చింది. ఒకదానిలో చేరితే మరొకదానిలో ఆడటానికి ఏ అడ్డంకులు ఉంటాయో నిబంధనలు మారుతూ ఉన్నాయి. ఎక్కడ సంతకం పెట్టినా, ముందు ఆ విషయం లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి. నోటిమాటలు నమ్మవద్దు.

ఇక లివ్ డబ్బు. మారింది, నిజంగానే మారింది. 2022లో ఆ పెట్టుబడితో ఆసియన్ టూర్‌లో "ఇంటర్నేషనల్ సిరీస్" మొదలైంది. ఏడాదిలో కొన్ని పెద్ద పోటీలు, ఒక్కొక్కటి సుమారు 20 లక్షల డాలర్లు. 2025 ఆరంభంలో గురుగ్రామ్‌లో జరిగిన ఇంటర్నేషనల్ సిరీస్ ఇండియాలో బ్రైసన్ డిషాంబో వంటివాళ్లు ఆడారు. గెలిచిన ఓలీ ష్నీడర్‌జాన్స్‌కు 3,60,000 డాలర్లు. సిరీస్ పట్టికలో పైన నిలిస్తే లివ్ లీగ్‌లో చోటు. 2022లో స్కాట్ విన్సెంట్, 2023లో ఆండీ ఓగిల్‌ట్రీ అలాగే వెళ్లారు. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ వెనుక ఏం జరుగుతుందో కూడా చూడండి. డబ్బు పెరిగిన చోటికి లివ్ ఆటగాళ్లు, అమెరికా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ఆటగాళ్లు వస్తారు. వాళ్లు వచ్చిన కొద్దీ క్యూ స్కూల్ నుంచి కింది ర్యాంకుతో వచ్చినవాడికి దొరికే చోట్లు తగ్గుతాయి. పెద్ద సొమ్ము ఉన్న వారాల్లోనే కొత్తవాడు రిజర్వు జాబితాలో ఉండిపోతాడు. ఈ పెట్టుబడి రేపు ఇంకో రూపం తీసుకోవచ్చు. దాన్ని నమ్ముకుని మీ అబ్బాయి ప్రణాళిక వేయవద్దు. ఏ టూర్ ఎలా మారినా అక్కరకు వచ్చేది అతని స్కోరే.

సాహిత్ తీగల గురించి అడిగారు. మన హైదరాబాద్ దంపతుల బిడ్డ కాబట్టి తెలుగువాళ్లందరికీ ఆ పేరంటే అభిమానం, నాకూ అంతే. కానీ అతను కాలిఫోర్నియాలో పుట్టి, పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో కాలేజీ గోల్ఫ్ ఆడి, అక్కడి మెట్ల మీదుగా 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. విశాఖపట్నంలో పుట్టి కెనడాలో పెరిగిన సుదర్శన్ యల్లమరాజు కాలేజీకి వెళ్లకుండానే ప్రొఫెషనల్ అయ్యాడు, 2025 జనవరిలో బహమాస్‌లో అమెరికా పీజీఏ టూర్‌కు కింది మెట్టు అయిన కోర్న్ ఫెర్రీ టూర్ పోటీ గెలిచాడు. ఇద్దరి దారులూ ఉత్తర అమెరికా దారులే. అక్కడి కాలేజీ గోల్ఫ్‌లోకి పదిహేడు పద్దెనిమిదేళ్లకు ప్రవేశించాలి. ఇరవై ఏళ్లకు డిగ్రీ ముగిస్తున్న అబ్బాయికి ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే. దాని గురించి బాధపడనక్కర్లేదు. ఇందాక చెప్పిన ఐదుగురు భారతీయులూ ఆసియన్ టూర్‌లోనే అగ్రస్థానం అందుకున్నారు.

అమెచ్యూర్‌గా మరో ఏడాది ఎందుకు? ఒకసారి ప్రొఫెషనల్ అయ్యాక వెనక్కి రావడం సులభం కాదు, అమెచ్యూర్‌కు మాత్రమే ఉన్న అవకాశాలు పోతాయి. వాటిలో అతి పెద్దది ఏషియా-పసిఫిక్ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్. 2009లో మొదలైంది. గెలిచినవాడికి గోల్ఫ్‌లో అతి పెద్ద పోటీలైన మాస్టర్స్‌లోనూ, బ్రిటిష్ ఓపెన్‌లోనూ చోటు. జపాన్‌కు చెందిన హిడేకి మత్సుయామా 2010లో, 2011లో దాన్ని గెలిచాడు. 2021లో మాస్టర్స్ ఛాంపియనే అయ్యాడు. మీ అబ్బాయి దాన్ని గెలవాలని కాదు. ప్రపంచ అమెచ్యూర్ ర్యాంకింగ్‌లో పైకి వచ్చి, ఇండియన్ గోల్ఫ్ యూనియన్ జట్టులో చోటు సంపాదించగలిగితే, అదే అతని స్థాయికి నమ్మకమైన గుర్తు. దేశంలోని అమెచ్యూర్లలో మొదటి పదిమందిలో లేనివాడు ప్రొఫెషనల్ అయినంత మాత్రాన వాళ్లను దాటలేడు. అమెచ్యూర్ హోదా పోగొట్టుకోకుండానే, ప్రైజ్ మనీ తీసుకోకుండా ప్రొఫెషనల్ పోటీల్లో ఆడవచ్చు కూడా. చండీగఢ్ కుర్రాడు కరణ్‌దీప్ కొచ్చర్ 2016లో అమెచ్యూర్‌గా ఉండగానే పీజీటీఐ టైటిల్ గెలిచాడు. అలా రెండు మూడు చోట్ల ఆడించి చూడండి.

ప్లస్ వన్ గురించి నిజం చెప్పాలి. క్లబ్బులో అది గొప్ప హ్యాండీక్యాప్. టూర్‌లో సరిపోదు. హ్యాండీక్యాప్‌ను మంచి రౌండ్ల నుంచి లెక్కిస్తారు. టూర్‌లో బతికేది చెడ్డ రౌండ్ల మీద. డ్రైవర్ చెప్పిన మాట విననప్పుడు, పుట్టర్ చల్లబడినప్పుడు కూడా 72, 73 దగ్గర ఆగాలి. అందుకే నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులను అతని అత్యుత్తమ స్కోరు అడగను. అతను ఎన్నడూ చూడని కోర్సులో, పోటీలో, గాలి వీచిన రోజున ఎంత కొట్టాడు అని అడుగుతాను. గోల్కొండలో అతనికి ప్రతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) వాలూ తెలుసు. ఆ స్కోరు పక్కన పెట్టండి. కిందటి ఏడాది బయటి ఊళ్లలో పోటీల్లో ఆడిన రౌండ్లన్నీ రాసి, వాటిలో చివరి పావు వంతు, అంటే అన్నిటికన్నా చెడ్డవి, సగటు తీయండి. ఆ సగటు పార్‌కు రెండు మూడు స్ట్రోకుల లోపలికి వచ్చిన రోజున అతను సిద్ధం.

ఇది ఎందుకు ఇంత ముఖ్యమో ఆసియా మైదానాలను చూస్తే అర్థమవుతుంది. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ లోధీ కోర్సు ఇరుకైనది, ఫెయిర్‌వే పక్కనే ముళ్ల పొదలు. అక్కడ పెరిగినవాళ్లు టీ నుంచి ఐరన్ కొట్టి నిటారుగా పోవడం నేర్చుకున్నారు. కోల్‌కతాలో గ్రీన్‌కీపర్ కుమారుడైన ఎస్.ఎస్.పి. చౌరాసియా అలాంటి నేర్పుతోనే 2008లో ఢిల్లీ క్లబ్‌లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. అతని అసలు గొప్పతనం ఆ తర్వాత తెలిసింది. 2016లో ఇండియన్ ఓపెన్ ఢిల్లీ క్లబ్‌లో గెలిచాడు. 2017లో టోర్నమెంట్ గురుగ్రామ్ డీఎల్ఎఫ్ కోర్సుకు మారింది. అది పూర్తిగా వేరే జాతి, పొడవైనది, ఎగుడుదిగుడు గ్రీన్లు. అక్కడా అతనే గెలిచాడు.

గడ్డి సంగతి ఇంకా సూక్ష్మం. మన దగ్గర, ఆగ్నేయాసియాలో ఎక్కువగా కనిపించే బెర్ముడా గ్రీన్‌పై గడ్డి ఒక వైపుకు వాలి పెరుగుతుంది. ఆ వాలును గ్రెయిన్ అంటాం. బంతి వెనుక నుంచి చూసినప్పుడు గడ్డి మెరుస్తూ లేతగా కనిపిస్తే గ్రెయిన్ మీకు దూరంగా పోతోందని, పుట్ వేగంగా దొర్లుతుంది. ముదురుగా, మందంగా కనిపిస్తే ఎదురొస్తోంది, బంతి ఆగిపోతుంది. అనుమానం వస్తే కప్పు అంచు చూడమంటాను. సాయంత్రానికి ఒక పక్క అంచు పదునుగా ఉంటుంది, ఎదుటి పక్క గడ్డి మొదళ్లు చిరిగి గోధుమ రంగుకు తిరుగుతాయి. గడ్డి ఆ చిరిగిన వైపుకు పెరుగుతోందన్నమాట. జపాన్, కొరియాల్లో చాలా చోట్ల బెంట్ గ్రాస్ గ్రీన్లు. అక్కడ ఈ లెక్క చాలావరకు అక్కర్లేదు, నేల వాలునే నమ్మాలి. వారం మారితే కళ్లు మార్చుకోవాలి. ఇవన్నీ పోటీలు ఆడుతూనే వంటబడతాయి. అందుకే ఆడే వారాలు కావాలని ఇంతసేపూ మొత్తుకుంటున్నాను.

డబ్బు. పీజీటీఐలో కోటి రూపాయల టోర్నమెంట్ గెలిస్తే విజేతకు 15 లక్షలు. అక్కడ కట్ సాధారణంగా మొదటి 50 స్థానాలకు, సమంగా ఉన్నవారికి. మైదానంలో దిగినవాళ్లలో సగం కంటే ఎక్కువమంది శుక్రవారం సాయంత్రం చేతిలో ఏమీ లేకుండా ఇంటికి వెళ్తారు. ప్రయాణం, గది, భోజనం, ప్రవేశ రుసుము, క్యాడీకి ఇచ్చేది మాత్రం అందరికీ ఒకటే. విదేశాల్లో వీటికి వీసా, విమాన టికెట్టు తోడవుతాయి. అబ్బాయికి మొదటి రెండేళ్లు ఒక్క రూపాయీ రాదనుకుని ఖర్చు లెక్క వేయండి. ఆ సొమ్ము మీ దగ్గర అప్పు చేయకుండా ఉంటేనే దిగండి. ఇల్లు తాకట్టు పెట్టి కొడుకును టూర్‌కు పంపిన తండ్రులను నేను చూశాను. ఆ పిల్లల చేతుల్లో నాలుగడుగుల పుట్ బరువెక్కిపోతుంది. ప్రతి పుట్ వెనుక ఈఎంఐ కనిపిస్తుంది. ప్రతిభ లేక కాదు, ఆ బరువుకే కొందరు ఆగిపోయారు. స్పాన్సర్ దొరికితే మంచిదే, కానీ భవిష్యత్తు సంపాదనలో ఎంత శాతం, ఎన్నేళ్లు అడుగుతున్నారో వకీలుకు చూపించండి.

క్యాడీ గురించి కూడా. మొదటి ఏడాది స్నేహితుణ్ణో తమ్ముణ్ణో తీసుకెళ్లవద్దు. ప్రతి కోర్సులో అక్కడే పుట్టి పెరిగిన క్యాడీలు ఉంటారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ కూడా ఢిల్లీ క్లబ్‌లో క్యాడీగా మొదలైనవాడే. స్థానిక క్యాడీ మాట విని ఆడటం అబ్బాయికి గొప్ప చదువు. అతనికి ఇచ్చేది సమయానికి, గౌరవంగా ఇవ్వమనండి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. అబ్బాయి పరీక్షలు రాయాలి. తర్వాత ఇండియన్ గోల్ఫ్ యూనియన్ క్యాలెండర్‌లో హైదరాబాద్ బయట జరిగే పోటీలనే ఎంచుకోండి. ఉత్తరాదిలో చలికాలపు ఉదయం మంచులో ఒకటి, తీర ప్రాంతపు గాలిలో ఒకటి తప్పక ఉండాలి. పైన చెప్పిన చెడ్డ రౌండ్ల సగటు మూడు నెలలకోసారి చూడండి. అది సరైన చోటికి వస్తే వచ్చే ఏడాది ఆరంభంలో జరిగే పీజీటీఐ క్వాలిఫయింగ్‌కు పంపండి. రాకపోతే మరో ఆరు నెలలు ఆగండి. అక్కడ ఒక సీజన్ ఆడి పట్టికలో మొదటి ముప్పైలో నిలిచాక, డిసెంబరు సమయానికి హువా హిన్ టికెట్ నేనే కొనమంటాను. అప్పుడు అక్కడ తక్కువ ర్యాంకు వచ్చినా నష్టం లేదు, ఎందుకంటే ఆడటానికి ఇంట్లో ఒక టూర్ ఉంటుంది.

అబ్బాయి గత సీజన్ పోటీల స్కోర్లు, ఏ కోర్సులో ఏ రోజు అన్నది వివరంగా ఇక్కడే రాయండి. చూసి, ఎక్కడ స్ట్రోకులు పోతున్నాయో నాకు తోచింది చెబుతాను.